నిత్యవస్త్రం – చిత్రకళ

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం : కళ ఆలయాలకు, ప్రదర్శనశాలలకు మాత్రమే పరిమితం కావాలా, సామాన్యుడు నిత్యం ధరించే దుస్తులపైన కూడా దానికి స్థానం ఉన్నదా అన్న ప్రశ్నను పరిశీలించడం; తెలుగువారి కలంకారీ కళ పుట్టుపూర్వోత్తరాలను, పనితీరును తెలియజేయడం; కళాభిరుచితోపాటు ఔచిత్యాన్ని, కళాకారుని శ్రమను గుర్తించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

మానవుని ప్రాథమిక అవసరాలలో వస్త్రం ఒకటి. ఎండ, చలి, ధూళి తగలకుండా దేహాన్ని కాపాడటం దాని మొదటి పని. అయితే ఏ దేశంలోనూ, ఏ కాలంలోనూ మానవుడు ఆ ఒక్క పనితో తృప్తిపడలేదు. నేతగాడు బట్టకు అంచు దిద్దాడు. అద్దకంవాడు పువ్వు వేశాడు. ఇల్లాలు చిరుగుకు వేసిన అతుకును సైతం పొందికగా కుట్టింది. అందువల్ల వస్త్రాలంకరణ వస్త్రమంత ప్రాచీనమైనదని చెప్పవచ్చు.

నేటి యువతీయువకులు నిత్యం ధరించే దుస్తులలో టీషర్టుది ప్రధాన స్థానం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఉదయంవేళ బస్సుకోసం నిలిచిన విద్యార్థులను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఒకని ఛాతీమీద అతడు ఎన్నడూ చూడని విదేశీ నగరం పేరు ఉంటుంది. మరొకని వీపుమీద అభిమాన క్రికెట్ ఆటగాని సంఖ్య ఉంటుంది. ఇంకొకని చొక్కామీద కలంకారీ నెమలి పురి విప్పుకొని ఉంటుంది. మొదటి రెండింటిని గురించి ఎవరూ చర్చించరు. మూడవదాన్ని చూసినప్పుడు మాత్రం కొందరికి ఆనందం, కొందరికి సందేహం కలుగుతాయి. ఏండ్ల తరబడి సాధన చేసి కళాకారుడు దిద్దిన రేఖ చెమటతో తడిసే, బకెట్టులో నానే, తీగమీద వేలాడే చొక్కాపైకి రావడం తగునా? ఈ పాఠంలో మనం పరిశీలించవలసిన ప్రశ్న ఇదే.

ముందుగా టీషర్టు చరిత్రను కొంత తెలుసుకోవడం అవసరం. చేతులు చాచినట్లు పరిస్తే ఆంగ్లాక్షరమాలలోని ‘టీ’ అక్షరం ఆకారంలో కనిపించడంవల్ల దీనికి ఆ పేరు వచ్చింది. ఇది మొదట లోదుస్తు. 1913లో అమెరికా నౌకాదళం తన నావికులకు దీనిని లోపలి చొక్కాగా ఇచ్చింది. ఉక్కపోత ఎక్కువగా ఉన్నచోట నావికులు పైచొక్కా విడిచి దీనితోనే పనిచేసేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇళ్ళకు చేరిన సైనికులు దీనిని బయటకూ ధరించారు. 1950వ దశకంలో చలనచిత్ర కథానాయకులు ధరించడంతో ఇది యువతరానికి ప్రీతిపాత్రమైంది. వెడల్పుగా, ఖాళీగా ఉన్న ఛాతీభాగం వ్యాపారసంస్థలకు ప్రకటనల పలకగాను, ఉద్యమకారులకు నినాదాల గోడగాను ఉపయోగపడింది. ఈ విధంగా శ్రామికుని లోదుస్తు, ధరించినవాని అభిమానాలను, అభిప్రాయాలను లోకానికి చాటే వస్త్రంగా మారింది. అట్టి చోట చిత్రకళ ప్రవేశించడంలో ఆశ్చర్యం లేదు.

దీనిని వ్యతిరేకించేవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. కళకు ఏకాంతం, శ్రద్ధ కావాలని వారంటారు. ఆలయ మండపంలోనో, ప్రదర్శనశాలలోనో ఒక చిత్రం ముందు నిలిచినప్పుడు మన చూపు నెమ్మదిస్తుంది. అదే చిత్రం వేయి చొక్కాలపై వేయి వీధులలో తిరిగితే అది కంటికి అలవాటై, చివరకు కనిపించకుండానే పోతుంది. అతిపరిచయంవల్ల ఆదరం తగ్గుతుందని పెద్దలు ఊరకనే అనలేదు. పైగా చొక్కా ఆయుర్దాయం ఏడాదో, రెండేళ్ళో. అది వెలిసిన తరువాత దులుపుడుగుడ్డ అవుతుంది. కళకు ఆ గతి పట్టించవచ్చునా అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం మన వాకిళ్ళలోనే ఉంది. తెలుగునాట తెల్లవారుజామున కళ్ళాపి చల్లి వేసే ముగ్గు సూర్యుడు నడినెత్తికి రాకముందే పాదాలకింద చెరిగిపోతుంది. సంక్రాంతినెలలో గంటలకొద్దీ శ్రమించి దిద్దిన రథంముగ్గుకు కూడా ఒక్కరోజుకు మించిన ఆయుర్దాయం లేదు. చెరిగిపోతుందని ఏ ఇల్లాలూ ముగ్గు మానలేదు. తొక్కుతారని చుక్కల లెక్క తప్పలేదు. ముత్తుకూరు పరిసరాలలోని కడలితీర గ్రామాలలో మత్స్యకారులు తమ పడవలకు రంగులు వేసి, ముక్కుభాగాన పేర్లు, బొమ్మలు దిద్దుకుంటారు. ఉప్పునీరు ఆ రంగులను ఏటేటా తినివేస్తుంది. వారు మళ్ళీ వేస్తారు. కళకు విలువ దాని మన్నికవల్ల మాత్రమే రాదని, దానిని చేయడంలోని శ్రద్ధవల్ల, నిత్యజీవితంతో దానికి గల సంబంధంవల్ల కూడా వస్తుందని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

కళామీమాంసకుడు ఆనంద కుమారస్వామి (1877–1947) ఈ విషయాన్ని లోతుగా విచారించాడు. కొలంబోలో జన్మించి, అమెరికాలోని బోస్టన్ కళాప్రదర్శనశాలలో చిరకాలం పనిచేసిన ఆయన, ప్రాచీన సమాజాలలో కళకు, వృత్తికి మధ్య అడ్డుగోడ లేదని వివరించాడు. కుండ, తలుపు, చీర, విగ్రహం వేటికవే పనికివచ్చే వస్తువులు. వాటిని చక్కగా చేయడమే కళ. ఉపయోగపడే వస్తువు ఒకవైపు, చూసి ఆనందించే వస్తువు మరొకవైపు అన్న విభజన తరువాతి కాలంలో వచ్చినదని ఆయన అభిప్రాయం. సౌందర్యప్రయోజనాలు ఒకదానినొకటి విడిచి ఉండవలసినవి కావు.

తెలుగువారి కలంకారీ చరిత్ర ఈ మాటకు గట్టి సాక్ష్యం. పారశీక భాషలో ‘కలమ్’ అంటే లేఖిని, ‘కారీ’ అంటే పని. గోల్కొండ ప్రభువుల కాలపు పారశీక సంపర్కంవల్ల స్థిరపడిన పేరిది. మన పల్లెలలో దీనిని వ్రాతపని అని, అద్దకం అని వ్యవహరించేవారు. ఇందులో రెండు సంప్రదాయాలు ప్రధానమైనవి. శ్రీకాళహస్తి కళాకారుడు వెదురుకలంతో గుడ్డమీద చేతితో చిత్రం గీస్తాడు. మచిలీపట్నం, దాని సమీపంలోని పెడన కళాకారులు చెక్కిన కొయ్య అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో రామాయణ భారత భాగవత గాథలు ప్రధాన వస్తువు. అక్కడి వస్త్రాలు ఎక్కువగా ఆలయాలలో తెరలుగా, గోడవస్త్రాలుగా ఉపయోగపడ్డాయి. మచిలీపట్నం అద్దకంలో లతలు, పువ్వులు, మామిడిపిందెలు, జీవవృక్షం ప్రధానం. అవి దుప్పట్లుగా, పరుపుచుట్లుగా, ధరించే బట్టలుగా దేశదేశాలకు వెళ్ళాయి.

నెల్లూరు తీరానికి ఈ వ్యాపారంతో దగ్గరి సంబంధం ఉంది. నేడు ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం 2008లో ప్రారంభమైన ఆధునిక నౌకాశ్రయంవల్ల ప్రసిద్ధి పొందింది. కాని నాలుగువందల ఏండ్లకు పూర్వమే ఈ తీరానికి విదేశీ నౌకలను రప్పించిన సరుకు వస్త్రం. 17వ శతాబ్ది తొలినాళ్ళలో డచ్చివారు ప్రళయకావేరి తీరాన పులికాట్‌లో స్థావరం ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానాన్ని నెలకొల్పి, 1626లో కృష్ణపట్నానికి దక్షిణాన ఉన్న దుగరాజపట్నంలో మరొకటి ఏర్పరచారు. వారు ఆర్మగాన్ అని పిలిచిన ఈ స్థానాన్ని విడిచిన తరువాతనే చెన్నపట్నం చేరారు. తూర్పుదీవులలో మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనడానికి బంగారం, వెండికన్నా మన తీరపు రంగుల బట్టలే వారికి ఎక్కువగా ఉపకరించాయి.

అటుపిమ్మట ఆ బట్టలు ఐరోపాను ఆకర్షించాయి. ఉతికినా వెలవని రంగు అక్కడివారికి అపూర్వం. మన అద్దకపు బట్టల మోజులో తమ బట్టలను కొనేవారు లేరని అక్కడి నేతగాండ్రు ఆందోళన చేశారు. ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో దిగుమతిని కట్టడి చేసి, 1721లో ధరించడాన్ని సైతం నిషేధించే చట్టం చేసింది. అంతకు రెండేండ్ల ముందు లండను వీధులలో కొందరు స్త్రీలు ధరించిన అద్దకపు దుస్తులను నేతగాండ్రు చించివేశారు. ఆ నిషేధాలను తప్పించుకొని మిగిలిన గౌనులు, అంగీలు నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాల వంటిచోట్ల అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. ఒకనాడు ఒంటిమీద తిరిగిన బట్టయే కాలక్రమంలో ప్రదర్శనశాల వస్తువైంది. కాబట్టి కలంకారీ కొత్తగా చొక్కామీదికి దిగివచ్చిందనడం చరిత్రకు విరుద్ధం. అది ఎప్పుడూ కొంత భాగం గుడిలో, కొంత భాగం ఒంటిమీద జీవించిన కళ.

ఈ కళలోని శ్రమను తెలుసుకొన్నప్పుడే అసలు సమస్య అర్థమవుతుంది. శ్రీకాళహస్తి వ్రాతపనిలో పదిహేడు దశలున్నాయని సాధారణంగా చెబుతారు. ముందుగా నూలుగుడ్డను ఉతికి గంజి పోగొడతారు. కరక్కాయపొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీటిలో కలిపి కొన్నివారాలు పులియబెడితే ‘కసిమి’ తయారవుతుంది. చివర ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించిన వెదురుకలాన్ని కసిమిలో ముంచి రేఖలు గీస్తారు. వేళ్ళతో ఆ ఉన్నిని ఎంత నొక్కితే అంత ద్రవం మొనకు దిగుతుంది. కసిమి కరక్కాయ వగరును తాకగానే నల్లగా మారుతుంది. ఒకసారి పడిన రేఖను చెరపడం సాధ్యం కాదు.

ఎరుపు రావలసినచోట పటికనీరు పూస్తారు. అప్పటికి అక్కడ పెద్దగా రంగు కనిపించదు. తరువాత ఎర్రరంగునిచ్చే వేరుతో గుడ్డను ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. మిగిలినచోట నీటితో, ఎండతో పోతుంది. పూర్వం దీనికి తూర్పుతీరపు ఇసుకనేలలలో పెరిగే చిరివేరును వాడేవారు. నీలానికి నీలిమందు, పసుపురంగుకు కరకపువ్వు, దానిమ్మతొక్క వంటివి ఆధారం. ప్రతి రంగుకు నడుమ గుడ్డను పారేనీటిలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో ఆ పనికి స్వర్ణముఖీనది తోడ్పడింది. 1742లో కెర్దూ అనే ఫ్రెంచి మతగురువు మన కళాకారులవద్ద ఈ విధానాన్ని తెలుసుకొని సవివరంగా లేఖ వ్రాసి తన దేశానికి పంపాడు. ఆయన తెలుగుభాషను కూడా అభ్యసించినవాడు. మన అద్దకపు విద్య ఐరోపా చేరడానికి ఇటువంటి లేఖలు ఒక మార్గమయ్యాయి.

యంత్రపు బట్టలు, కృత్రిమ రంగులు వచ్చిన తరువాత ఈ కళ క్షీణించింది. స్వాతంత్ర్యానంతరం అఖిలభారత హస్తకళామండలి అధ్యక్షురాలు కమలాదేవి చటోపాధ్యాయ దీని పునరుద్ధరణకు కృషిచేశారు. 1950వ దశకం చివర శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ బోధించారు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ కళను తరువాతి తరాలకు అందించి 2008లో పద్మశ్రీ పురస్కారం పొందారు. గుడితెరలనే నమ్ముకొంటే ఇన్ని కుటుంబాలకు జీవనోపాధి దొరికేది కాదు. చీరలు, దుపట్టాలు, చొక్కాలు, సంచులు కొనేవారు పెరిగినందువల్లనే ఎందరో యువకులు, స్త్రీలు కలం చేతబట్టారు. నిత్యోపయోగం కళను చంపదు, నిరాదరణ చంపుతుంది.

అయినంతమాత్రాన ఏ చిత్రాన్ని ఎక్కడ వేసినా సమ్మతమేనని అనరాదు. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. నడుముకు పెట్టవలసిన ఒడ్డాణాన్ని మెడలో వేసుకొంటే అది ఎంత విలువైనదైనా నగుబాటే అవుతుందన్న ఆయన భావం వస్త్రాలకూ వర్తిస్తుంది. భక్తులు నమస్కరించే దేవతామూర్తిని కాళ్ళకు తగిలే అంచుమీదనో, కూర్చుంటే కిందపడేచోటనో ముద్రించడం సాటివారి మనస్సును నొప్పిస్తుంది. చట్టం సైతం కొన్ని చిహ్నాల విషయంలో ఈ వివేకాన్ని పాటించింది. జాతీయ గౌరవచిహ్నాలకు సంబంధించిన 1971 నాటి చట్టానికి 2005లో జరిగిన సవరణ ప్రకారం జాతీయపతాకాన్ని నడుముకు దిగువన ధరించరాదు. దిండ్లమీద, చేతిరుమాళ్ళమీద, లోదుస్తులమీద, దుస్తుల గుడ్డమీద ముద్రించరాదు. లతకు, పువ్వుకు, నెమలికి, చేపకు ఇట్టి అభ్యంతరం లేదు. ఏ బొమ్మ ఏ చోటికి తగునో నిర్ణయించడం కూడా చిత్రకారుని ప్రజ్ఞలో భాగమే.

అంతకన్నా పెద్ద సమస్య మరొకటి ఉంది. టీషర్టు నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. అల్లిక సాగుతుంది. సాగే గుడ్డమీద వెదురుకలంతో సన్నని రేఖను గీయడం కష్టం. గీసినా ఒంటిమీద సాగినప్పుడు ఆ రేఖ వంకరపోతుంది. అందుచేత కలంకారీ పేరుతో బజారులో చవకగా దొరికే టీషర్టులలో తరచుగా కనిపించేది చేతిపని కాదు, దాని నకలు. చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డ గుండా రంగును నెట్టి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చట్రం చొప్పున వందలాది చొక్కాలు కొద్ది గంటలలో అచ్చువేస్తారు. గణకయంత్రం సాయంతో అచ్చువేసే పద్ధతి ఇంతకన్నా సులభం. కళాకారుడు రోజుల తరబడి గీసిన చిత్రాన్ని ఒక ఛాయాచిత్రంతో పట్టుకొని అతనికి చెప్పకుండానే అచ్చువేయవచ్చు. నకలు బట్ట అగ్గువకు దొరికితే అసలు బట్ట ధరను చూసి కొనుగోలుదారు వెనుదిరుగుతాడు. కళ అందరికీ చేరిందని మనం సంతోషించే వేళకు కళాకారుని ఇంట పొయ్యి ఆరిపోవచ్చు.

చట్టరక్షణ కొంతవరకే లభిస్తున్నది. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం కింద శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ, నెల్లూరు సీమకు పేరుతెచ్చిన వెంకటగిరి చీరలు నమోదయ్యాయి. దీనివల్ల ఆ పేర్లను ఇతరులు తమ సరుకుకు తగిలించుకోవడం నేరమవుతుంది. అయితే ఆ రక్షణ ప్రధానంగా పేరుకు సంబంధించినది. ఒక కళాకారుడు తాను కల్పించిన బొమ్మను కాపాడుకోవడం వేరు విషయం. 1957 నాటి కాపీహక్కు చట్టంలోని 15వ విభాగం గమనించదగినది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయించకుండా, యజమాని స్వయంగా గాని, అతని అనుమతితో ఇతరులు గాని పారిశ్రామిక పద్ధతిలో ఏబదికి మించిన వస్తువులపై వాడితే, ఆ డిజైనుపై కాపీహక్కు ఆగిపోతుంది. గోడకు వేలాడే ఏకైక చిత్రానికి ఉన్న రక్షణ, అదే డిజైను వందల చొక్కాలపైకి చేరేసరికి లేకుండా పోవచ్చునన్నమాట. కాబట్టి తన డిజైనును బట్టలపైకి పంపదలచిన కళాకారునికి ముందుగా దానిని నమోదు చేయించుకోవడం అత్యవసరం.

అయితే అచ్చుచొక్కాలన్నీ అక్రమమైనవని భావించడం న్యాయం కాదు. ప్రతిభావంతుడైన చిత్రకారుని రేఖ అచ్చుద్వారా ఇంటింటికీ చేరడం మనకు కొత్త కాదు. బాపు (1933–2014) బొమ్మలు పత్రికలనుంచి, పుస్తకాల ముఖచిత్రాలనుంచి శుభలేఖలపైకి వచ్చి తెలుగుకుటుంబాల వేడుకలలో భాగమయ్యాయి. అందరిండ్లకూ చేరినందువల్ల ఆ బొమ్మల గౌరవం తగ్గలేదు. చిత్రకారుడు అంగీకరించి, అతని పేరు నిలిచి, అతని వంతు అతనికి అందినప్పుడు అచ్చు కళకు శత్రువు కాదు. అచ్చును అచ్చు అని, చేతిపనిని చేతిపని అని నిజం చెప్పి అమ్మినప్పుడు కొనేవానికీ మోసం లేదు. కలంకారీ అద్దిన నూలుముక్కను చొక్కా జేబుగానో, ఛాతీపట్టీగానో కుట్టడం మరొక మార్గం. దీనివలన సాగే గుడ్డతో చిక్కు ఉండదు. ధర మరీ పెరగదు. కళాకారుని చేతికి పని దొరుకుతుంది.

కావున నిత్యవస్త్రంపై చిత్రకళ ఉండదగునా అన్న ప్రశ్నకు, ఉండదగును అనే సమాధానం చెప్పాలి. అయితే కొనేముందు మూడు సంగతులు విచారించాలి. మొదటిది, ఆ బొమ్మ ఆ చోటికి తగినదా? రెండవది, అది చేతిపనియా, అచ్చా? అమ్మేవాడు ఆ సంగతి నిజాయితీగా చెబుతున్నాడా? మూడవది, మనం ఇచ్చే ధరలో ఆ రేఖను కల్పించినవానికి పాలు ఉన్నదా? ఈ మూడింటికి తృప్తికరమైన జవాబు లభించినప్పుడు ఆ చొక్కా ధరించడం ఆ కళను ఆదరించడమే. జవాబు లభించనప్పుడు బొమ్మలేని తెల్లచొక్కా మేలు.

తనకు తెలియని నగరం పేరును ఛాతీమీద మోసే యువకుడు తన తీరంనుంచి నౌకలెక్కి ప్రపంచాన్ని మెప్పించిన లతను, నెమలిని మోయడానికి సంకోచించనక్కరలేదు. దానిని గీసిన చేయి ఏదో, ఆ రంగు ఏ వేరునుంచి వచ్చిందో అడిగినవారికి చెప్పగలిగితే చాలు.

కఠినపదాలకు అర్థాలు

ఔచిత్యం = తగినదై ఉండటం
లేఖిని = కలం
అతిపరిచయం = మితిమీరిన చనువు
పునరుద్ధరణ = తిరిగి పైకి తేవడం
కళామీమాంసకుడు = కళాతత్త్వాన్ని విచారించేవాడు
నగుబాటు = నవ్వులపాటు
వగరు = కరక్కాయ మొదలైనవాటిలోని ఒక రుచి
అగ్గువ = తక్కువ ధర
పాలు = వంతు, భాగం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నిత్యవస్త్రాలపై చిత్రకళ విషయంలో ఉన్న అనుకూల, ప్రతికూల వాదాలను చర్చించండి.
2. శ్రీకాళహస్తి కలంకారీ తయారయ్యే విధానాన్ని వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ముగ్గు, పడవల ఉదాహరణల ద్వారా వ్యాసకర్త ఏమి నిరూపించాడు?
2. ఐరోపా దేశాలు మన అద్దకపు బట్టలను ఎందుకు నిషేధించాయి?
3. కాపీహక్కు చట్టంలోని 15వ విభాగంవల్ల కళాకారుడు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నిత్యోపయోగం కళను చంపదు, నిరాదరణ చంపుతుంది.
2. ఒకసారి పడిన రేఖను చెరపడం సాధ్యం కాదు.
3. బొమ్మలేని తెల్లచొక్కా మేలు.

ఈ) సంధులు
వస్త్రాలంకరణ = వస్త్ర + అలంకరణ – సవర్ణదీర్ఘసంధి
నిత్యోపయోగం = నిత్య + ఉపయోగం – గుణసంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధిసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి

ఉ) సమాసాలు
సౌందర్యప్రయోజనాలు = సౌందర్యమును, ప్రయోజనమును – ద్వంద్వసమాసం
వెదురుకలం = వెదురుతో చేసిన కలం – తృతీయాతత్పురుష సమాసం
చట్టరక్షణ = చట్టముచేత రక్షణ – తృతీయాతత్పురుష సమాసం
తెల్లచొక్కా = తెల్లనైన చొక్కా – విశేషణపూర్వపద కర్మధారయ సమాసం

ఊ) ప్రాజెక్టుపని : మీ ఇంటిలోని బట్టలలో బొమ్మలున్న మూడింటిని ఎంచుకొని, అవి నేసినవా, చేతితో అద్దినవా, యంత్రంతో అచ్చువేసినవా పరిశీలించి నివేదిక రాయండి.